పాకాల చెఱువును దాని యడవియు

గడచిన వర్షకాలమున ప్రకృతిశాస్త్రపాఠము జరుగుచుండగా మా తరగతిలో నొక బాలుడు లేచి, "పంతులుగారూ, పాకాల యడవిని మృగములకు విడిచిపెట్టినారు గదా, మా చుట్టములకు దున్నుకొనుటకు భూమి చాలకున్నది. మనుష్యులకంటె మృగములు ముఖ్యమా?" అని యడిగెను. కొందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ బాలుని తండ్రి పాకాల కాలువక్రింద రెండెకరముల వరి సాగుచేసికొను రైతు. ఆ ప్రశ్న పుస్తకములలో నుండి పుట్టినది కాదు, ఇంటి యరుగుమీద పుట్టినది. అట్టిదానికి రెండు మాటలలో సమాధానము చెప్పి వానిని కూర్చుండబెట్టుట న్యాయముగా తోచలేదు. అందుచేత ఆనాడు, "నీకు వ్రాసి చెప్పెదను" అంటిని. ఈ వ్యాసము ఆ మాట చెల్లించుకొనుటకై వ్రాసినది.

మట్టెవాడనుండి బయలుదేరి తూర్పుగా నర్సంపేట చేరి, ఖానాపురము మీదుగా ముందునకు పోయినచో, మొత్తము సుమారు 50 కిలోమీటర్ల దూరమున పాకాల కట్ట కనబడును. త్రోవపొడుగునను ప్రత్తి, మొక్కజొన్న, మిరప చేలు వచ్చుచు పోవుచునుండును. నర్సంపేట దాటిన పిదప వరిమళ్లు దట్టమగును. మళ్లు దట్టమైన కొలది చెఱువు దగ్గఱపడినదని తెలిసికొనవచ్చును. కట్ట యెక్కి నిలుచుంటిమేని, వెనుక మళ్లు, ఎదుట కనుచూపు మేర నీరు, ఆ నీటికి మూడు ప్రక్కల అడవి గప్పిన చిన్న గుట్టలు. మొదటిసారి చూచువారు దీనిని దేవుడు చేసిన సరస్సనియే తలంతురు. అట్లు కాదు. ఇది మనుష్యులు మన్నుమోసి చేసిన చెఱువు.

కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు ఓరుగల్లును పాలించెను. ఆయన మంత్రియైన బయ్యననాయకుని కుమారుడు జగదాల ముమ్మడి ఈ చెఱువును కట్టించెనని పాకాల శాసనమువలన తెలియుచున్నది. ఆ కాలముననే రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్పగుడి నిలిపెను. ఆ గుడి ప్రక్కను రామప్పచెఱువు కలదు. లక్నవరము, ఘనపురములోని గణపసముద్రము కూడ ఆ తరమువారి కృషియే. పుత్రునితోబాటు తటాకమును సప్తసంతానములలో నొకటిగా లెక్కించిన కాలమది. కుమారుడు లేనివానికి చెఱువు కుమారుడగునని వారి నమ్మకము. మనము ఆ నమ్మకమును వహించినను వహింపకున్నను, ఎనిమిది వందల యేండ్లు దాటినను ఆ కుమారుడు ఇంకను తండ్రి యూరివారికి అన్నము పెట్టుచున్నాడనుట మాత్రము కాదనరాదు.

పనివారి తెలివి గమనింపదగినది. వారు గొయ్యి త్రవ్వలేదు. గుట్టల నడుమ వాగు బయటికి పాఱు సందును వెదకి, అచ్చట నడ్డముగా సుమారు 2,000 గజముల మట్టికట్ట వేసినారు. తక్కిన మూడు ప్రక్కల గోడలు ప్రకృతియే కట్టి యిచ్చినది. గెజిటీరులో ఈ చెఱువు వైశాల్యము సుమారు 13 చదరపు మైళ్లని వ్రాసినారు. నేటి పుస్తకములలో 30 చదరపు కిలోమీటర్లని చెప్పుచున్నారు. నిండినప్పుడు నీటిమట్టము సుమారు 30 అడుగులు. ఆ గుట్టలలో కురిసిన వాన కొంత ఉత్తరముగా లక్నవరము, రామప్పల దారిని గోదావరికి పోవును. పాకాలలో పడినది మాత్రము దక్షిణముగా మున్నేరై కృష్ణను చేరును. ఒకే మబ్బు కురిసిన రెండు చినుకులలో ఒకటి గోదావరికిని ఒకటి కృష్ణకును పోవుచోటు మన జిల్లాకింత దాపున నున్నదని మన పిల్లలలో నెందఱెఱుగుదురు?

పట్టణపు పిల్లలకొఱకు చెఱువు మాటలు కొన్ని చెప్పవలసియున్నది. నీటినాపునది కట్ట. కట్టక్రిందుగా నీరు కాలువకు విడుచు ద్వారము తూము. పాకాల కట్టకు తూములు ఐదని గెజిటీరు చెప్పుచున్నది. నిండి మిగిలిన నీరు పొరలిపోవుటకు రాతితో కట్టినది మత్తడి. నీరు తగ్గినపుడు బయటపడు చెఱువులోని భూమి శిఖము. కాలువక్రింద తడియు భూమి ఆయకట్టు. ఎవరి మడికి ఎప్పుడు నీరు విడువవలెనో చూచువాడు నీరటి. మత్తడిని కొన్ని సీమలలో అలుగనియు అందురు. పాకాల యడవిలో అలుగను పేరుగల జంతువును కలదు. ఒళ్లంతయు పెంకులతో, చీమలను చెదలను దిని బ్రదుకునది, భయము కలిగినపుడు బంతివలె చుట్టుకొనునది. ఒకటి నీటిని కాచునది, ఒకటి తన్ను తాను కాచుకొనునది. పెంకులకొఱకు దొంగవేటగాండ్రు ఈ రెండవ అలుగును వెంటాడుచుండుటచే ఇది లోకమంతట అరుదైపోవుచున్నది.

చెఱువు అంచున నొకరోజు ఉదయము కూర్చుండినవారికి పుస్తకము అక్కఱలేదు. ఎండిన కొమ్మమీద నీరుకాకి ఱెక్కలు విప్పి ఆఱబెట్టుకొనుచుండును. బాతుల ఱెక్కలవలె దాని ఱెక్కలు నీటిని పూర్తిగా తోయజాలవు గాన మునిగినప్పుడెల్ల ఎండలో నిలువవలెను. లోతు తక్కువచోట్ల కొంగలు, లకుముకిపిట్టలు, బొల్లికోళ్లు కనబడును. ఆకులమీదనే నడచిపోవు పొడుగువ్రేళ్ల పక్షి యొకటి కలదు; ఆ వ్రేళ్లవలన దాని బరువు పలుచోట్ల పంచబడి తామరాకు మునుగకుండును. శీతకాలమున హిమాలయముల కావలి దేశములనుండి బాతులు గుంపులుగా దిగును. నీటిలో మొసళ్లు కలవు గాన ఈతకు దిగరాదు. ఇది బెదరింపు కాదు. నీరుకుక్కలును ఇచ్చట నుండునని గెజిటీరులో చదివితిమి. చేపలలో కొఱ్ఱమట్ట ముఖ్యమైనది. అదియే 2016 నుండి తెలంగాణ రాష్ట్రపు చేప. నీరు ఇంకిన బురదలోను అది కొంతకాలము బ్రదుకగలదు. పైగాలిని పీల్చుకొను ఏర్పాటు దాని తలలో నున్నది.

నీటినుండి అడవికి పోవుదారిలో ఒక నడిమిభూమి కలదు. దానిని జనులు బీడని తీసివేయుదురు. గుట్టల పాదములందు, మన్ను పలుచనై రాయి తేలినచోట్ల, పెద్దచెట్లు లేవక తంగేడు, బలుసు, రేగు, పరికి, కలివె తుప్పలును బోదగడ్డియు పెరుగును. మన ఆంగ్లవాచకములలో "హీత్" అనియు "మూర్" అనియు మాటలు వచ్చినపుడు పిల్లలు తెల్లమొగము వేయుదురు. ఇంగ్లండులో ఇసుకమన్నుగల పులుసునేలలో హీథరను ఊదాపూల చిన్నతుప్పలును, గోర్సను పచ్చపూల ముళ్లతుప్పలును పెరిగిన బయలు హీత్. చలియు తడియు అధికమైన యెత్తుభూములలో నాచు చచ్చి కుళ్లక ఏడాది కొక మిల్లీమీటరు చొప్పున పేరుకొని నల్లని మెత్తనినేల యైనచోట్లు మూర్. ఆ నేల వానను దూదివలె పీల్చుకొని మెల్లగా వాగులకు విడుచును. మన ఉష్ణదేశమున సరిగా నట్టివి లేవు. గోర్సు పచ్చదనము చూడగోరువారు మాత్రము వానలు వెనుకబట్టు దినములలో ఈ తంగేడుబయలు చూడవచ్చును. బతుకమ్మకు పువ్వులు కోయు స్త్రీలు ఈ బీడులకే పోవుదురు. కుందేలు, కౌజు, నెమలి, ఉడుము ఇవన్నియు ఈ తుప్పలలోనే పిల్లలు చేయును; చిక్కని యడవిలోను కాదు, దున్నిన చేలోను కాదు.

హీత్ మాట వచ్చినది గాన మఱొక సంగతి. ఇంగ్లండు దక్షిణభాగమున "న్యూ ఫారెస్టు" అను ప్రదేశము కలదు. విజేతయగు విలియమురాజు దానిని 1079లో తన వేటకై ప్రత్యేకించెను. అందు విశాలమైన హీత్ నేటికిని నిలిచియున్నది. అది 2005లో జాతీయోద్యానవనమాయెను. దానిని నిలుపుచున్నవారెవరు? చుట్టుపట్ల గ్రామములవారు. వారికి అనాదిగా పశువులను, పొట్టిగుఱ్ఱములను అచ్చట మేపుకొను హక్కు గలదు. ఆ మేతవలననే తుప్పలు హద్దులో నుండును. మేపుట మానిరేని కొన్ని యేండ్లలో హీత్ చెట్లడవియై, హీత్‌లో బ్రదుకు పక్షులును బల్లులును పోవును. కనుక అక్కడ "రక్షించుట" యనగా మనుష్యుని వెలివేయుట కాలేదు. ఆ దేశమున తక్కినచోట్ల హక్కులను ద్రోసివేసి దున్నియు, ఇండ్లు కట్టియు, తోటలు వేసియు, 1800 నాటికి ఉన్న పల్లపుభూముల హీత్‌లో ఐదింట నాలుగు వంతులకు పైగా పోగొట్టుకొనినారు. పాకాల యడవియు ఒకప్పుడు వేటస్థలమే. నిజాము కాలమున షికారునకు పేరుపడినది. 1952లో అభయారణ్యముగా ప్రకటింపబడెను. వైశాల్యము సుమారు 860 చదరపు కిలోమీటర్లు; అది నేటి వరంగలు, మహబూబాబాదు జిల్లాలలో వ్యాపించియున్నది.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వత్తును. ఆ మఱునాడు తరగతిలో నొక చిన్న పరీక్ష చేసితిమి. మీరును చేయవచ్చును. రెండు రేకుపళ్లెములు తీసికొని, రెంటిలోను ఒకే మన్ను ఒకే మందముగా పఱచి, ఒక్కొక్కదాని అంచున నొక చిన్నగంటు పెట్టి, ఏటవాలుగా నిలిపితిమి. ఒకదానిలో మన్ను వట్టిగా విడిచితిమి. రెండవదానిపై గడ్డిదుబ్బులు నాటి, ఎండుటాకులు పఱచితిమి. రెంటిమీదను పూలకుండీలకు నీరుపోయు జల్లెడకుండతో ఒక్కొక్క చెంబెడు నీరు చల్లితిమి. మొదటి పళ్లెమునుండి నీరు వెంటనే ఉఱికెను. గాజుగ్లాసులో పట్టగా చాయరంగున నుండెను. రెండవదానినుండి కొంతసేపు ఏమియు రాలేదు. పిమ్మట సన్నగా తేటనీరు దిగెను. గంట కొట్టి పిల్లలు ఇండ్లకు పోవునప్పటికిని బొట్లు పడుచునేయుండెను. రెండవ పళ్లెము పాకాల యడవి. గ్లాసు పాకాల చెఱువు.

వానకాలమున ఈ సీమలో సాధారణముగా ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడును. అందు అధికభాగము జూను మొదలు సెప్టెంబరు లోపుగానే. వట్టినేలపై అది పడెనేని నాలుగుదినములలో నీరు పరుగెత్తి, మన్నును తనతో గొనిపోవును. ఆ మన్ను ఎక్కడ నిలుచును? నీరు నిలుచుచోటనే. ఇప్పుడు లెక్కలపుస్తకము తెఱువుడు. చెఱువు నిండినపుడు 30 చదరపు కిలోమీటర్లు, అనగా 3 కోట్ల చదరపు మీటర్లు. అడుగున ఒక్క సెంటీమీటరు మందము పూడిక పడినదనుకొందము. 3 కోట్లను 0.01 చే గుణింపగా 3 లక్షల ఘనపు మీటర్లు వచ్చును. అంతనీటికి ఇక చెఱువులో చోటు లేదు. అది 30 కోట్ల లీటర్లు. ఒక యెకరము వరికి ఒక పంటకు సుమారు 5,000 ఘనపు మీటర్ల నీరు కావలెను. 3 లక్షలను 5,000 చే భాగింపగా 60. చిటికెనవ్రేలి గోరంత మందము పూడిక 60 ఎకరముల పంటనీటిని మ్రింగినది. పూడిక అంతట సమానముగా పడదు, వాగులు దిగుచోట నెక్కువ పడును. వాననీరును కొంత మడికి సాయపడును. అయినను లెక్క తీరు ఇదియే. ఆ బాలుని తండ్రికున్నది రెండెకరములు. అట్టి ముప్పదిమంది రైతుల నీరు ఒక సెంటీమీటరులో పోయినది.

చెఱువులలో పూడిక తీయుటకు ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ అను కార్యమును ప్రారంభించినది. అది మంచిపనియే. కాని మోటార్లతో పూడిక తీయుట చిన్న కుంటలలో సులభము. ఇంత పెద్దచెఱువున పడిన మన్నును తీయుటకంటె పడకుండ చూచుకొనుట మేలు. దానికి అడవియే పనిముట్టు. కూలి అడుగదు, నూనె త్రాగదు.

అడవి యుండిన చాలదా, మృగములేల యని అడుగవచ్చును. ఇది బాలుని ప్రశ్నలోని గట్టిభాగము. పాకాల యడవిలో టేకు, మద్ది, ఇప్ప, తునికి, రేల, మోదుగు ముఖ్యవృక్షములు. ఎండకాలమున ఆకులు రాల్చు అడవి యిది. ఇప్పుడు తునికిపండు గింజ తల్లిచెట్టు క్రిందనే పడి మొలచినచో నీడలో చచ్చును. దానిని దూరమునకు మోయువారెవరు? ఎలుగుబంటి తునికిపండ్లును, రేలకాయలును తిని, మైళ్లకొలది నడచి, గింజలను పేడతో సహా విడిచిపెట్టును. పక్షులు మఱికొన్నిటిని మోయును. దుప్పులు, కణుజులు, మనుబోతులు లేతమొక్కలను మేయును. అవి మితిమీఱి పెరిగినచో క్రొత్తమొక్క యెదుగదు. వానిని అదుపులో నుంచునవి పులి, చిరుత, రేచుకుక్కలు. ఇటీవలి యేండ్లలో కొత్తగూడ ప్రాంతపుటడవులలో పులిజాడలు మరల కనబడుట వింతకొఱకు చెప్పు వార్త కాదు. అడవి యింకను పులికి చాలినంత యున్నదనుటకు అది గుఱుతు. మనము నాటిన తోటలో నీడ యుండును గాని తనంతట తాను మరల మొలచు శక్తి యుండదు. ఆ శక్తి మృగముల కడుపులో నున్నది.

ఇంతవఱకు చెప్పి ఆపితినేని ఆ బాలుని మోసగించినవాడనగుదును. ఏలయన అడవివలని లాభము ఒకచోటను, నష్టము మఱొకచోటను పడుచున్నది. లాభము కట్టక్రింద మాగాణిరైతునకు. నష్టము కట్టపైన, అడవిలోపలను అంచునను నివసించు కోయగూడెముల వారికి, లంబాడా తండాల వారికి. రాత్రి అడవిపందులు వచ్చి మొక్కజొన్న చేనును దున్నిపోయిన ఉదయమున ఆ రైతుతో గింజల ప్రయాణమును గూర్చి ఉపన్యసించుట ధర్మమేనా? కోపముచేత కొందఱు చేనిచుట్టు కరెంటు తీగె పఱతురు. ఆ తీగె పందిని చంపును, ఎలుగును చంపును, తెల్లవాఱుజామున దారినిపోవు మనుష్యునిగూడ చంపును. ఇది నేరమని చెప్పుటకు సందేహింపను. కాని పందులవలన పోయిన పంటకు సకాలమున పరిహారము చేతికందినచోట తీగెలు తక్కువగునని నా యభిప్రాయము.

అడవిబిడ్డల జీవనము అడవితోనే ముడిపడియున్నది. ఎండలు ముదిరినపుడు తునికాకు కోసి, కట్టలు కట్టి అమ్ముదురు. మన యూళ్లలో త్రాగు బీడీల యాకు అదియే. అంతకుముందు ఇప్పపువ్వు ఏఱుదురు. పువ్వు రాత్రి రాలును, తెల్లవాఱకమున్నే ఏఱవలెను, ఎండుటాకులనడుమ అది కనబడదు. అందుచేత చెట్టుక్రింద నిప్పుపెట్టి నేలను శుభ్రము చేయుట వాడుక. ఆ నిప్పొకొక్కప్పుడు గాలికి చెలరేగి గుట్ట యెక్కును. ఏ ఆకులపొర పళ్లెములోని నీటిని తేటపఱచెనో ఆ పొరయే కాలిపోవును. ఇది దురాశవలన జరుగునది కాదు. చెట్టుక్రింద నాకులను చీపురుతో ఊడ్చినను, పాతగుడ్డయో వలయో పఱచినను పువ్వు దొరకును, నిప్పు అక్కఱలేదు. ఇంత చిన్నపని 860 చదరపు కిలోమీటర్లకు పెద్దకాపలాదారులు చేయలేని మేలు చేయును.

పోడు సంగతి మఱింత చిక్కు. 1972లో చేయబడిన వన్యప్రాణిసంరక్షణచట్టము అభయారణ్యమున వేటను, నిప్పుపెట్టుటను, నివాసముల నాశమును నిషేధించినది. 2006లో వచ్చిన అటవీహక్కులచట్టము 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగుచేసికొనుచున్న గిరిజనుల హక్కును అంగీకరించినది. తెలంగాణలో 2023లో పోడుపట్టాలు పంచిరి. ఈ రెండు చట్టములును ఒకదానికొకటి శత్రువులని చెప్పువారు కలరు. నాకట్లు తోచదు. పాత సాగును ఒప్పుకొనుట న్యాయము. క్రొత్త నఱకుడును ఆపుటయు న్యాయమే, ప్రత్యేకముగా వాగుల తలలయందును, ఏటవాలు గుట్టలయందును. ఏ చేను పాతది, ఏ చేను క్రొత్తది అని కొలిచి చెప్పుటలో తేడా వచ్చినచోటనే తగవు పుట్టుచున్నది. దున్నినవాని మాటను, గూడెము పెద్దల మాటను వినక కాగితము మాత్రమే చూచిన కొలత నిలువదు. ఆదికాండమున తోటను సాగుచేయుటయు కాచుటయు ఒకే మనుష్యునికి కలిపి అప్పగింపబడినట్లు మన ప్రార్థనామందిరములో వినుచున్నాము. మనము వానిని రెండు శాఖలకు పంచి, రెంటికిని తగవు పెట్టినాము.

పాకాల మేలు ఆయకట్టుతో ఆగదు. మత్తడి పొరలిన నీరు వాగై, మున్నేరై, మహబూబాబాదు సీమ దాటి, ఖమ్మము పట్టణము ప్రక్కగా కృష్ణకు పోవును. 2024 ఆగస్టు 31న పాకాలకు ఉత్తరముగా నున్న ఏటూరునాగారము అభయారణ్యములో, తాడ్వాయి మేడారముల నడుమ, పెనుగాలికి వేలకొలది చెట్లు ఒక్కపూటలో కూలెను. ఆ మఱునాడు సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మములో ఇండ్లను ముంచెను. ఆ వరదకు పాకాల యొక్కటియే మూలము కాదు. దారిలో ననేక వాగులు వచ్చి కలసినవి, వానయు మితిమీఱినది. ఎట్టి యడవియు అంతటి వానను పూర్తిగా నాపజాలదు. అయినను నీరు ఎంత వేగమున నదికి చేఱునన్నది ఎగువనేలమీద ఆధారపడియుండుననుట మన రెండు పళ్లెములే చెప్పుచున్నవి. ఖమ్మములో నిద్రించుచున్న శిశువునకును, గూడూరు గుట్టమీది మద్దిచెట్టునకును సంబంధము కలదు.

గోదావరినీటిని దేవాదుల ఎత్తిపోతలద్వారా రామప్పకును, అటనుండి పాకాలకును తెచ్చుటకు పథకము కల్పించినారు. ఆ కట్టినవారు గుట్టకు అటునిటు వేఱుచేసిన రెండు నదులను యంత్రములు కలుపుట వింతయే. నీరు ఎక్కడనుండి వచ్చినను నిలువవలసిన పాత్ర మాత్రము ఆ పాతచెఱువే. పాత్ర పూడినచో గోదావరియంత నీరు తెచ్చినను మత్తడిమీదుగా పోవలసినదే.

ఈ వ్యాసము చిత్తుప్రతిని ఆ బాలునికే ముందుగా చదువ నిచ్చితిని. వాడు లెక్కను తిరిగి వేసి చూచి, 60 సరియే యనెను. పిమ్మట కాకతీయుల కాలపు దశబంధమునుగూర్చి నేను చరిత్రపాఠమున చెప్పినది జ్ఞాపకము చేసికొనెను. చెఱువు కట్టించి దానిని బాగుచేయుచుండువానికి ఆ చెఱువుక్రింద సాగైన భూమిలో గాని, పంటలో గాని పదియవవంతు ఇచ్చుట ఆనాటి మర్యాద. శాసనములలో దశబంధమను మాట దానికే. కట్ట తెగినచో అతని భాగమును తెగును గాన కట్టను కాచుట అతనికి లాభము. బాలుడు కొంచెము తడబడి, "పంతులుగారూ, చెఱువును ఇప్పుడు కాచుచున్నది అడవి గదా. అడవిలోనివారు చెట్టు కొట్టకుండ, నిప్పు పెట్టకుండ చూచినందుకు మా ఆయకట్టు రైతులు ఇచ్చు దశబంధమేది?" అనెను.

వాని తండ్రి పొలమునుండి కట్ట కనబడును; కట్టకావల గూడెమున వానికి తెలిసినవారెవరును లేరట. సంక్రాంతిసెలవులలో తండ్రితో కలిసి అక్కడికి పోయి, వారినే అడిగి వచ్చి చెప్పెదనన్నాడు. వచ్చు సంచికకు ఆ సంగతి వానినే వ్రాయమంటిని.